కారే కప్పుకు ఫ్రెంచి సొగసు

మా తాటిబెల్లం అభివృద్ధి సంస్థ మేనేజింగ్ డైరెక్టరు గారు ఫ్రాన్సు వెళ్లింది చక్కెర సంగతి తెలుసుకోవడానికి. అక్కడివాళ్లు దుంపల్లోంచి చక్కెర ఎలా తీస్తారో చూసి, ఆ పద్ధతి తాటిచెట్టుకి పనికొస్తుందో లేదో తేల్చుకు రమ్మని పంపారు. దుంపలు పండే ఊళ్లు పారిస్‌కి దూరం. పైగా ఆ వారమంతా ముసురు. అందుచేత ఆయన పారిస్‌లో తాను దిగిన ఇంట్లోనే ఉండిపోయి, ఆ ఇంటినే అధ్యయనం చేసి తిరిగొచ్చారు.

వచ్చిన మర్నాడే సిబ్బందినంతా సమావేశ మందిరంలో కూర్చోబెట్టారు.

"మన సంస్థ నష్టాల్లో ఎందుకుంది? తాటిచెట్లు లేకనా? ఉన్నాయి. గీసేవాళ్లు లేకనా? ఉన్నారు. లేనిదల్లా సౌందర్య దృక్పథం. ఫ్రెంచి ఉద్యోగి పొద్దున్నే కళ్లు తెరవగానే బంగారు పూత అద్దం చూస్తాడు. గాజు దీపాల గుత్తి చూస్తాడు. మన ఉద్యోగి ఏం చూస్తాడు? తాడు మీద ఆరేసిన లుంగీ చూస్తాడు. లుంగీ చూసి నిద్రలేచినవాడు ఆఫీసుకొచ్చి ఏం ఉత్పత్తి చేయగలడు?"

ముందు వరసలో ఉన్న ఎస్టేటు ఇంజనీరు గుర్నాథం గారు తలపంకించి, లుంగీ అనే మాట కాగితం మీద రాసుకుని కింద గీత గీశారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. సంస్థ సిబ్బంది నివాస గృహములన్నియు దశలవారీగా ఫ్రెంచి గృహాలంకరణ శైలిలోకి మార్చబడుననీ, అమలు బాధ్యత ఎస్టేటు ఇంజనీరుదనీ, ఎవరైనా సహకరించనియెడల అది ఉత్పత్తికి ఆటంకంగా పరిగణించబడుననీ దాని సారాంశం.

మా కాలనీ కాలవ గట్టున, ఊరికి కాస్త ఎడంగా ఉంటుంది. ఎప్పుడో కట్టిన ఇళ్లు. వానొస్తే కారతాయి, ఎండొస్తే పెచ్చులు రాలతాయి. అన్నింట్లోకీ అధ్వానమైనది గోడౌను గుమస్తా పంపన తాతారావు ఇల్లు. ముందుగదిలో నవారు మంచం మీద వాళ్లమ్మ సోమాలమ్మ పడుకుని ఉంటుంది. స్నానాల గదిలో జారిపడి తుంటి విరిగిన దగ్గర్నుంచి ఆవిడ ప్రపంచమంతా ఆ మంచమూ, దాని పైనున్న కప్పే. ఆ కప్పు సరిగ్గా మంచం మీదే కారేది. తాతారావు కప్పు బాగుచేయించమని ఎస్టేటు విభాగానికి అర్జీ పెట్టని నెల లేదు. "పరిశీలనలో ఉన్నది" అన్న జవాబు రాని నెలా లేదు.

కాబట్టి ఉత్తర్వు చూసి కాలనీలో సంబరపడ్డవాడు తాతారావు ఒక్కడే.

"ఫ్రెంచోళ్ల ఇళ్లు కారవు కదే. అలా మార్చాలంటే ముందు కప్పు బాగుచేయాలి కదా," అన్నాడు భార్య అనసూయతో.

అనసూయ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. "మన ఇంజనీరు గారు బాగుచేసిందేదైనా ఒకటి చెప్పండి, నేనూ సంతోషిస్తాను," అంది.

గుర్నాథం గారు పరిశీలనకి వచ్చిన రోజు తాతారావు ఎదురెళ్లి, చెప్పులు విప్పనక్కర్లేదండీ అని లోపలికి తీసుకొచ్చాడు. ఆయన గది మధ్యలో నిలబడి కప్పు కేసి చూశారు. మంచం మీదుగా పాకి గోడ దిగి, అంచుల్లో నాచుపచ్చగా తిరిగిన మచ్చ కేసి చాలాసేపు చూశారు. ఇన్నేళ్లలో ఆ మచ్చ కేసి ఒక ఆఫీసరు అంత ప్రేమగా చూడటం తాతారావు ఎరగడు.

"ఈ మచ్చ ఎప్పట్నుంచి ఉందయ్యా?"

"చాన్నాళ్ల నుంచండి. ముందు అరచెయ్యంతే ఉండేదండి. ఇప్పుడు గోడంతా దిగిపోయిందండి."

"దీన్నేమంటారో తెలుసా?"

"చెమ్మండి."

"పాటినా," అన్నారు గుర్నాథం గారు.

"అలాగేనండి. ఎప్పుడు బాగుచేయిత్తారండి?"

గుర్నాథం గారు చంటిపిల్లాణ్ణి చూసినట్టు చూశారు. "బాగుచేయడం ఏమిటయ్యా? పాటినా అంటే కాలం గీసిన బొమ్మ. ఫ్రాన్సులో కలిగినవాళ్లు కొత్త గోడ కట్టుకుని, ఇలాంటి మచ్చ కోసం పనివాళ్లని పెట్టి గీకించుకుంటారు. నీకు ఊరికే వచ్చింది. దాన్ని పాడుచేస్తానంటావేం?"

మంచం మీంచి సోమాలమ్మ అడిగింది. "ఏంటంటన్నార్రా ఆయన?"

"పాటినా అంటన్నారమ్మా."

"ఆవిడెవరు?"

"మనిషి కాదమ్మా. మచ్చ."

"మచ్చయితే సున్నం ఎయ్యమను," అని సోమాలమ్మ అటు తిరిగి పడుకుంది.

మర్నాడు రెండో ఉత్తర్వు వచ్చింది. "ఇదివరలో లోపములుగా పేర్కొనబడిన పగుళ్లు, చెమ్మ, పెచ్చులూడుట, నాచు వగైరాలు ఇకపై కాలసౌందర్య లక్షణములుగా పరిగణించబడును. సదరు లక్షణములకు సున్నము వేయుట, సిమెంటు పూయుట మొదలగు చర్యలు ఆస్తి ధ్వంసము కిందికి వచ్చును." దాంతో కాలనీ అంతటి మరమ్మతు అర్జీలూ ఒక్క పూటలో పరిష్కారమైపోయాయి. ఎస్టేటు విభాగం చరిత్రలో అంత పని ఎప్పుడూ జరగలేదని గుర్నాథం గారిని ఎం.డి. గారు అభినందించారు.

పనులు తాతారావు ఇంట్లోనే మొదలయ్యాయి. మచ్చ వదిలేసి మిగతా గోడలకి బూడిద రంగు వేశారు. వాళ్ల నాన్న చేయించిన పాత టేకు బల్ల ఒకటి ఉంటే, దాన్ని గోడౌనుకి పంపించేశారు. బల్ల పాతదే, కాని ఆ పాతదనం ఫ్రెంచిది కాదన్నారు. దాని బదులు కొత్త అలమరా వచ్చింది. ఇద్దరు మనుషులు దాన్ని వాకిట్లో పడుకోబెట్టి, పాతగా కనిపించడానికని ఇనప గొలుసులతో పూటంతా బాదారు.

"ఏం తప్పు చేసిందండీ అది?" అని అడిగింది అనసూయ.

"కొత్తగా ఉందంటమ్మా," అన్నాడు బాదేవాడు చెమట తుడుచుకుంటూ.

ఆ తర్వాత బంగారు పూత అద్దం వచ్చింది. షాండ్లియరు అనే గాజు పూసల దీపాల గుత్తి వచ్చింది. కారే కప్పుకి మేకు దిగ్గొట్టి దాన్ని వేలాడదీశారు. చివరగా గోడ తొలిచి, చలి కాచుకునే నిప్పుగూడు కట్టారు. దానికి పొగగొట్టం లేదు. పొగగొట్టం రెండో దశలో వస్తుందన్నారు.

ఎం.డి. గారు చూడటానికి వచ్చింది రోహిణి కార్తెలో. నిప్పుగూడు వెలిగించకపోతే శైలి నిండుగా ఉండదని గుర్నాథం గారు సరుగుడు కట్టెలు పేర్పించి ముట్టించారు. గది నిండా పొగ కమ్మింది. ఎం.డి. గారు కోటు వేసుకునే లోపలికి వచ్చి, ఆ పొగలోంచి అద్దాన్నీ దీపాల గుత్తినీ చూసి కళ్లు తుడుచుకున్నారు. అది ఆనందం వల్లే అని వెనకున్నవాళ్లు అర్థం చేసుకున్నారు.

కట్టెలు చిటపటలాడేసరికి సోమాలమ్మకి మెలకువ వచ్చింది. "ఎవురు పోయార్రా?" అంది.

"ఏమంటున్నారావిడ?" అన్నారు ఎం.డి. గారు.

"హాయిగా ఉందంటున్నారు సార్," అన్నారు గుర్నాథం గారు.

"ఇంకా పోలేదే నేను. నా కోసమేనేంట్రా పేర్చారు?" అంది సోమాలమ్మ దగ్గుతూ.

"కృతజ్ఞతలు చెబుతున్నారు సార్."

ఎం.డి. గారు సోమాలమ్మ తెల్లజుట్టు కేసీ, తెల్లచీర కేసీ చూసి ఆగిపోయారు. "గుర్నాథం, నేనున్న ఇంట్లోనూ సరిగ్గా ఇలాంటి పెద్దావిడే ఉండేది. కిటికీ పక్కన కుర్చీలో, భుజాల మీద శాలువాతో. ఆవిడ లేకపోతే ఆ గది గదే కాదు. ఈవిడ్ని ఆ స్థానంలో పెట్టండి. మంచం మాత్రం తీసెయ్యండి."

అలా సోమాలమ్మ కూడా పథకంలో చేరింది. షాండ్లియరు కిందుగా, కిటికీ వారగా చెక్కిన కాళ్ల కుర్చీ ఒకటి వేశారు. చూసేవాళ్లు వచ్చినప్పుడల్లా తాతారావూ అనసూయా చెరో రెక్కా పట్టుకుని ఆవిణ్ణి అందులో కూర్చోబెట్టి శాలువా కప్పాలి. తుంటి నొప్పికి ఆవిడ పళ్లు బిగబట్టుకుని కూర్చునేది. ఆ ముఖంలో ఒక ఫ్రెంచి గాంభీర్యం ఉందని వచ్చినవాళ్లు మెచ్చుకునేవారు. ఆ ఇంటిని ఆదర్శ గృహంగా ప్రకటించారు. ఆదర్శ గృహంలో ఎండుచేప వేయించకూడదు. గుడ్డలు ఆరేయకూడదు. మంచం పెరట్లోకి పోయింది కాబట్టి రాత్రిళ్లు ముగ్గురూ వంటింట్లో సర్దుకునేవారు.

తాతారావు అన్నీ భరించాడు. పెద్దవాళ్ల కళ్లలో పడ్డాం, రేపు కప్పు సంగతీ చూస్తారులే అనేవాడు.

వానలు వచ్చాయి. కప్పులోంచి దిగిన నీళ్లు మేకు పట్టుకుని జారి, షాండ్లియరు గాజు పూసల మీదుగా ఒక్కో బొట్టే కుర్చీలోకి రాలడం మొదలెట్టాయి. అనసూయ ఒక ప్లాస్టిక్ బకెట్టు పెట్టింది. గుర్నాథం గారు బకెట్టు తీయించి పింగాణీ పూలకూజా పెట్టించారు. సరిగ్గా ఆ సమయానికే వచ్చిన ఎం.డి. గారు, గాజు పూసల మీద మెరుస్తూ దిగే నీటిబొట్లని చూసి, అరచెయ్యి చాచి ఒక బొట్టు పట్టుకున్నారు.

"ఇది పారిస్‌లో కూడా లేదు," అన్నారు.

తాతారావు ధైర్యం తెచ్చుకుని ముందుకొచ్చాడు. "అయ్యా, మేకు చుట్టూ చీలిక వచ్చిందండి. చెయ్యి పెడితే ఇసక రాలతందండి. కింద మా అమ్మని కూర్చోబెడతన్నామండి."

"చాలా మంచి విషయం," అన్నారు ఎం.డి. గారు కప్పు కేసే చూస్తూ. "రాష్ట్రస్థాయి సౌందర్య పరిశీలక బృందం వచ్చే నెల వస్తోంది. వాళ్లకి ఇది తప్పకుండా చూపించాలి."

బృందం వచ్చే రోజులకి వానలు వెనక్కి తగ్గాయి. ఆకాశంలో మబ్బు తునక లేదు. గుర్నాథం గారు కంగారుపడలేదు. పరిశీలన ముందురోజు కాలనీలోకి నీళ్ల ట్యాంకరు వచ్చింది. కుళాయి రాక అవస్థపడుతున్న ఆడవాళ్లు బిందెలతో పరుగెత్తుకొచ్చారు. డ్రైవరు వాళ్లని ఆపాడు.

"ఇది తాగడానిక్కాదండమ్మా. కారడానికి," అన్నాడు.

గొట్టం తాతారావు ఇంటి పైకప్పు మీదికి ఎక్కించి నీళ్లు వదిలి చూశారు. కింద షాండ్లియరు చక్కగా కారింది. పూలకూజాలో నీళ్లతో పాటు పిడికెడు సిమెంటు పెళ్లలు కూడా పడ్డాయి. అనసూయ ఒక పెళ్ల తీసి చేత్తో నలిపింది. అది పొడైపోయింది. ఆవిడ పెరట్లోకి వెళ్లి నవారు మంచం దులిపి, గోడౌను దగ్గర బెల్లం బుట్టలు మోసే తోపుడుబండి తోసుకొచ్చింది.

"ఏం చేత్తన్నావే?" అన్నాడు తాతారావు.

"అత్తయ్యని గోడౌనుకి తీసుకెళ్తన్నాను."

"పర్మిషను లేకుండానా? ఉజ్జోగం పోద్ది."

"గోడౌను ఎప్పుడైనా కారిందా?"

"కారదు. బెల్లం తడిసిపోద్దని ఏటేటా తారు పూయిస్తారు."

"బెల్లం తడిస్తే ఆడిటు వాళ్లు అడుగుతారు. అత్తయ్య తడిస్తే ఎవరడుగుతారండీ? మీరేనా అడుగుతారా?"

అంతలో లోపల్నుంచి సోమాలమ్మ దగ్గు వినబడింది. తాతారావు వెళ్లి తల్లిని రెండు చేతుల్తో ఎత్తుకున్నాడు. అర్జీలు రాసినన్నాళ్లూ ఆవిడ ఎంత తేలికైపోయిందో అతను గమనించలేదు. ఆవిణ్ణి బండి మీద పడుకోబెట్టి, తనే తోసుకుంటూ తీసుకెళ్లాడు. గోడౌనులో బెల్లం కన్నా ఖాళీయే ఎక్కువ. పొడిగా ఉన్న మూల చూసి మంచం వేశాడు. ఆ మూలనే వాళ్ల నాన్న టేకు బల్ల కూడా ఉంది. అనసూయ దాని మీద మంచినీళ్ల చెంబు పెట్టింది.

సోమాలమ్మ కప్పు కేసి కాసేపు అనుమానంగా చూసి, బొట్టు రాలకపోయేసరికి కళ్లు మూసుకుంది.

పరిశీలన రోజు పొద్దున్న గుర్నాథం గారు కుర్చీ ఖాళీగా ఉండటం చూసి, ఆరా తీసి గోడౌనుకి వచ్చారు. తాతారావు గోడౌను తలుపుకి తాళం వేసి, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ముసలావిడేది?"

"లోపల పడుకుందండి."

"బృందం బయలుదేరింది. వెంటనే తీసుకొచ్చి కూర్చోబెట్టు."

"తీసుకురానండి."

అతనికి సరిగ్గా వినబడలేదనుకుని గుర్నాథం గారు మళ్లీ చెప్పారు. తాతారావు మళ్లీ అదే మాట అన్నాడు. తాళంచెవి ఉన్న పిడికిలి వదల్లేదు.

"చూడు తాతారావ్. సదరు వృద్ధురాలు ఆమోదం పొందిన నమూనాలో అంతర్భాగం. ఆవిణ్ణి తొలగించే అధికారం నీకు లేదు. సస్పెండు చేయించగలను. తెలుసా?"

"తెలుసండి."

"అరగంట పనయ్యా. ఎం.డి. గారి పరువు. నా పరువు. ఇప్పటికిప్పుడు ఇంకో ముసలావిణ్ణి ఎక్కణ్ణుంచి తేను?"

"మీ అమ్మగారున్నారు కదండి," అన్నాడు తాతారావు. ఎగతాళిగా అనలేదు. నిజంగానే గుర్తొచ్చి అన్నాడు. "ఆవిడగారు కూడా తెల్లచీరే కడతారు."

"మా అమ్మనా? ఆ కప్పు కింద ఎలా కూర్చోబెడతానయ్యా?" అన్నారు గుర్నాథం గారు.

అనేశాక ఆయన ఆగిపోయారు. అవతల వీధిలో ట్యాంకరు వెనక్కి వస్తున్న చప్పుడు వినబడింది. గుర్నాథం గారు తన బూట్ల కేసి చూసుకున్నారు.

"అంటే... ఆవిడకి దుమ్ము పడదు," అన్నారు.

"మా అమ్మకీ పడదండి," అన్నాడు తాతారావు.

గుర్నాథం గారు వెనుదిరిగి వెళ్లిపోయారు. తాతారావు గుమ్మంలోనే కూలబడి, ఉద్యోగం పోతే ఏం చేయాలో ఆలోచించడం మొదలుపెట్టాడు. ఏమీ తోచకపోగా, విచిత్రంగా ఆకలేసింది.

బృందం వచ్చింది. కప్పు మీద నీళ్లు వదిలారు. షాండ్లియరు బ్రహ్మాండంగా కారింది. కిటికీ పక్క కుర్చీలో మడిచిన శాలువా మాత్రం ఉంది. ఆవిడ గుడికి వెళ్లారని గుర్నాథం గారు విన్నవించారు. బృందం అధ్యక్షుడు గోడ మచ్చని వేలితో తాకి, ఇటువంటి ప్రామాణికత ఈ మధ్యకాలంలో చూడలేదన్నారు. ఎం.డి. గారు ఉప్పొంగిపోయి, ఇంటి ముఖద్వారం కూడా చూద్దురుగాని రండని అందర్నీ వరండాలోకి తీసుకొచ్చారు.

కప్పు అప్పుడు కూలింది. మేకు, షాండ్లియరు, నీళ్లు, వాటితో పాటు గది సగం కప్పూ వచ్చి కుర్చీ మీద పడ్డాయి. కుర్చీకి కాళ్లు మిగల్లేదు. ధూళి గుమ్మంలోంచి పొర్లుకుంటూ వచ్చి బృందాన్నంతటినీ తెల్లగా చేసింది.

అధ్యక్షుడు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఇది కూడా ప్రణాళికలోదేనా?" అని అడిగారు.

ఎం.డి. గారు గుర్నాథం గారి కేసి చూశారు.

"మూడో దశ సార్," అన్నారు గుర్నాథం గారు. ఆయన మొహం సున్నం కన్నా తెల్లగా ఉంది. చూపు మాత్రం కుర్చీ ఉన్న చోటి మీంచి తిప్పుకోలేకపోయారు.

విచారణ సంఘం వేశారు. అది నెల తిరిగేసరికి నివేదిక ఇచ్చింది. "సంఘటనా సమయమున సదరు కుర్చీలో ఎవరునూ లేకుండుట వలన ప్రాణనష్టము సంభవించలేదు. కుర్చీ ఖాళీగా ఉండునట్లు ముందుచూపుతో వ్యవహరించిన ఎస్టేటు ఇంజనీరు సేవలు శ్లాఘనీయములు." గుర్నాథం గారికి చీఫ్ ఇంజనీరుగా పదోన్నతి వచ్చింది. కప్పు లేని ఇంటికి ఆకాశదర్శన మందిరం అని పేరు పెట్టి, గుమ్మం దగ్గర రిబ్బను కట్టారు. తాతారావు ఉద్యోగం పోలేదు. పోతే ఎందుకు పోయిందో రాయాల్సి వస్తుందని ఊరుకున్నారు. మెమో మాత్రం ఇచ్చారు. ఆదర్శ గృహం కేటాయించబడి ఉండగా, నివాసయోగ్యం కాని గోడౌనులో తల్లితో సహా నివసించుటకు సంజాయిషీ ఇవ్వమన్నారు.

అప్పటికి గోడౌనులో వాళ్లు ఒంటరిగా లేరు. మిగతా ఇళ్లలోనూ షాండ్లియర్లు బిగించడం మొదలయ్యేసరికి, చంటిపిల్లలున్నవాళ్లు ముందు, మిగతావాళ్లు వెనక, చాపలూ స్టవ్వులూ పట్టుకుని గోడౌనుకి చేరుకున్నారు. బెల్లం బుట్టలే ఇళ్ల మధ్య గోడలయ్యాయి. తాళ్ల నిండా లుంగీలు వేలాడాయి. కాలనీలో మనిషన్నవాడు లేకుండా పోవడంతో ఫిర్యాదులూ లేకుండా పోయాయి. ఒక్క ఫిర్యాదు కూడా లేని ఉత్తమ నివాస సముదాయంగా మా కాలనీకి అవార్డు వచ్చింది. ఆ ఉత్సాహంలో ఎం.డి. గారు, ఇకపై అధికారుల బంగళాలకి కూడా పథకం వర్తిస్తుందని ప్రకటించారు. చీఫ్ ఇంజనీరు బంగళాతో మొదలుపెట్టమన్నారు. దాని కప్పు ఎప్పుడూ కారి ఎరగదు, పాటినా బొత్తిగా లేదు. అందుకని కాంట్రాక్టరు మనుషులు పైకెక్కి, ఉన్న తారంతా శ్రద్ధగా చెక్కేశారు.

ఆ ఏటి తుపానుకి వాన మధ్యాహ్నమే మొదలైంది. సాయంత్రం అనసూయ ఎండుచేప వేయిస్తోంది. ఎవరో తలుపు కొడితే తాతారావు వెళ్లి తీశాడు. గుమ్మంలో గుర్నాథం గారు. ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో వాళ్లమ్మగారి చెయ్యి. గొడుగు ఆవిడ మీదే ఉంది, ఆయన నిలువునా తడిసిపోయారు.

"తాతారావ్, ఈ గోడౌను కప్పు పరిస్థితి పరిశీలించే నిమిత్తం వచ్చాను," అన్నారు గుర్నాథం గారు.

"రండి," అన్నాడు తాతారావు.

"అమ్మ కూడా పరిశీలిస్తానంది."

ఆవిడ జుట్టులో సిమెంటు పొడి తడిసి ముద్దలు కట్టి ఉంది. చలికి గడ్డం వణుకుతోంది. అనసూయ పొయ్యి దగ్గర్నుంచి లేచి, తాడు మీద ఆరేసిన పొడి లుంగీ ఒకటి లాగి ఆవిడ తలకి చుట్టింది. ఎక్కడ కూర్చోబెట్టాలా అని తాతారావు చుట్టూ చూస్తున్నాడు.

లోపల మూల నుంచి సోమాలమ్మ మోచేతి మీద లేచి, తన కాళ్లని చేతుల్తో ఒక పక్కకి జరుపుకుని మంచం మీద చోటు చేసింది.

"ఇలా రా అప్పా," అంది ఆ పెద్దావిడతో. "ఇక్కడ కారదు."